నాలుగు రోజుల గోదావరి: కొండల నుంచి కడలి దాకా నీటి వెంట

మీ ప్రశ్న మొత్తం చదివానమ్మా. డిసెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి నాలుగు రోజులకి రాజమండ్రి, కోనసీమ రావాలనుకుంటున్నారు. అమ్మకీ నాన్నగారికీ డెబ్బై దాటాయి, పిల్లలు తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళ వాళ్ళు. నాన్నగారికి ద్రాక్షారామం చూడాలని కోరిక. ఎవరో పంతొమ్మిది ప్రదేశాల జాబితా ఇచ్చారు, వాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి, పాపికొండలు తప్పనిసరా అని అడిగారు.

నేను ధవళేశ్వరంలో పుట్టాను. కాలువల మీద, లాకుల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకని నేను చెప్పేది కొంచెం నీటి మనిషి మాటలా ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నవన్నీ మంచి చోట్లే. కానీ వాటిని గుడుల పేర్లుగా వరసపెట్టుకుని కారులో తిరిగితే నాలుగో రోజుకి ఏ గోపురం ఏ ఊళ్ళో చూశారో గుర్తుండదు. గోదావరి ఎటు పారుతుందో మీరూ అటే రండి. పైన కొండల మధ్య ఒక్క పాయగా వస్తుంది, రాజమండ్రి దగ్గర సముద్రంలా వెడల్పవుతుంది, ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర ఆగి చీలుతుంది, కాలువలై చేలల్లోకి వెళ్తుంది, చివరికి అంతర్వేదిలో సముద్రంలో కలుస్తుంది. ఆ దారినే వస్తే గుడులూ, చరిత్రా, తిండీ అన్నీ వాటంతటవే తగులుతాయి.

ముందు టిక్కెట్ల సంగతి. అందరూ రాజమండ్రిలో దిగి మళ్ళీ రాజమండ్రిలోనే ఎక్కుతారు. దానివల్ల చివరి రోజు సగం వెనక్కి రావడానికే పోతుంది. మీరు రాజమండ్రిలో దిగండి, తిరుగు ప్రయాణం నరసాపురం నుంచి పెట్టుకోండి. నరసాపురంలో సాయంత్రం పూట హైదరాబాదుకి రైళ్ళున్నాయి. మొదటి రెండు రాత్రులు రాజమండ్రిలో, మూడో రాత్రి అమలాపురంలోనో దిండిలోనో బస. కారు మూడో రోజు నుంచి చివరి దాకా ఒక్కటే మాట్లాడుకోండి. నరసాపురంలో వదిలేస్తామని ముందే చెప్పి, ఖాళీగా తిరిగి వెళ్ళే కిరాయి కూడా కలిపి బేరం చేసుకుంటే చివర్లో మాట పట్టింపులుండవు.

రైలు తెల్లవారుజామున వస్తే పిల్లల్ని కొవ్వూరు రాగానే లేపండి. గోదావరి దాటడం నిద్రలో పోగొట్టుకోకూడదు. మీరు వచ్చే రైలు బహుశా 1997లో పూర్తయిన ఆర్చి వంతెన మీదుగా వస్తుంది. పక్కనే ఖాళీగా నిలబడి కనిపించేది హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో తెరిచారు, దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. మూడోది 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన, కింద రైలు, పైన బస్సులు. మా చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ లేచి చిల్లర నాణేలు నీళ్ళలో వేసి దండం పెట్టేవారు. ఇప్పటికీ పెద్దవాళ్ళు ఆ దండం మానలేదు.

మొదటి రోజు బసలో సామాను పెట్టి, స్నానం చేసి, పుష్కర ఘాట్‌కి వెళ్ళండి. డిసెంబరులో పొద్దున్నే నది మీద మంచు పరుచుకుని ఉంటుంది, అవతలి గట్టు కనిపించదు, వంతెన సగం దాకా కనిపించి మాయమవుతుంది. ఆ గంట ఏమీ చెయ్యనక్కర్లేదు, మెట్ల మీద కూర్చుంటే చాలు. స్నానం చెయ్యాలనుకుంటే ఘాట్‌లో మెట్ల దగ్గరే చెయ్యండి. ఇసుక తిన్నెలు చూసి పిల్లలు లోపలికి నడుస్తారు, ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. ఈ మాట వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తాను, మీకూ చెప్తున్నాను. ఇంకొకటి, 2027లో పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల్లో పెద్దవాళ్ళతో ఊరు చూడటం కుదరదు, స్నానానికి మాత్రమే రావాలి. మీరు మామూలు రోజుల్లో వస్తున్నారు, అదే మంచిది.

రాజమండ్రిలో చాలామంది ఘాట్, ఇస్కాన్ గుడి చూసి వెళ్ళిపోతారు. అది ఈ ఊరికి అన్యాయం. రాజరాజనరేంద్రుడు పదకొండో శతాబ్దంలో ఇక్కడి నుంచే ఏలాడు, నన్నయ తెలుగులో భారతం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. మనం ఈ రోజు చదివే కావ్య భాషకి తొలి అడుగు ఈ గట్టునే పడింది. ఆ కోట ఇప్పుడు లేదు, కానీ ఆ సంగతి పిల్లలకి ఘాట్ మెట్ల మీదే చెప్పండి, నది ఎదురుగా ఉండగా చెబితే మనసులో నిలబడుతుంది.

కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు తప్పకుండా చూడండి. జాబితాలో అది లేకపోవడం చూసి బాధేసింది. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. మీరు వచ్చేదీ డిసెంబరు రెండో వారమే. ఆ పెళ్ళికి ఊళ్ళో ఎంత వ్యతిరేకత వచ్చిందో, బంధువులు ఎలా దూరమయ్యారో, వంటకీ నీళ్ళకీ కూడా మనుషులు దొరకని రోజుల్లో ఆయనా, భార్య రాజ్యలక్ష్మమ్మ గారూ ఎలా నిలబడ్డారో పన్నెండేళ్ళ పిల్లకి అర్థమవుతుంది. ఇల్లు చిన్నదే, అరగంట చాలు. మా అమ్మాయిని మొదటిసారి నేను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు దానికి పదకొండేళ్ళు. ఆ సాయంత్రమంతా వాళ్ళ నాయనమ్మని వరసగా ప్రశ్నలు అడిగింది. మా అమ్మ అప్పటిదాకా మాకెవరికీ చెప్పని ఇంటి సంగతులు ఆ రోజు చెప్పింది.

దామెర్ల రామారావు చిత్రశాల కూడా చిన్నదే. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయాడు ఆ మహానుభావుడు. అంత తక్కువ జీవితంలో అంత పని ఎలా చేశాడా అనిపిస్తుంది. గోదావరి మనుషుల ఒంటి రంగు, నిలబడే తీరు ఆ బొమ్మల్లో చూసి బయటికొస్తే, ఘాట్‌లో కనిపించే మనుషులు కొత్తగా కనిపిస్తారు. రెండు చోట్లా వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు బసలో వాళ్ళని ఫోన్ చేసి కనుక్కోమనండి. నాన్నగారికి పుస్తకాలంటే ఇష్టమైతే 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. లేకపోతే వదిలెయ్యండి. ఎండెక్కాక మెయిన్ రోడ్డు వైపు వెళ్ళి పిల్లలకి రోజ్ మిల్క్ తాగించండి, ఈ ఊరు దానికి పేరు.

మధ్యాహ్నం భోంచేసి, పెద్దవాళ్ళు ఒక కునుకు తీశాక, మూడింటికి ధవళేశ్వరం. ఇక్కడ నేను కాస్త ఎక్కువ చెప్తాను, క్షమించాలి.

ఈ డెల్టా మొదటి నుంచీ అన్నపూర్ణ కాదు. 1830ల్లో కరువుతో, 1839లో తుపానుతో ఈ జిల్లా చితికిపోయింది. పక్కనే నది నిండుగా పారుతున్నా చేలకి నీళ్ళెక్కే దారి లేదు. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆయన పక్కన వీణెం వీరన్న గారని మన మనిషి ఉన్నాడు. వేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించిన ఆయన పేరు కూడా కాటన్ పేరుతో పాటు తలుచుకోవాలి. ఇప్పుడు మీరు చూసేది ఆ పాత ఆనకట్ట కాదు, తర్వాత కట్టిన బ్యారేజీ. నది మధ్యలో లంకలు ఉండటం వల్ల అది ఒక్క ముక్కగా ఉండదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు, వాటికి 70, 43, 23, 39 గేట్లు, మొత్తం 175. ఇక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి మూడు ప్రధాన కాలువలు బయల్దేరి పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతాయి. అందుకే ఇక్కడి ఊళ్ళలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహం కనిపిస్తే ఆశ్చర్యపోకండి. గోదావరి స్నాన సంకల్పంలో ఆయనని భగీరథుడిగా తలిచే పురోహితులు ఈనాటికీ ఉన్నారు.

కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, ఆనాటి యంత్రాలు ఉంటాయి. అది చూశాక బ్యారేజీ మీదికి వెళ్ళండి. పిల్లలకి నీటిమట్టం చూపించే స్కేలు దగ్గర ఆగి ఈ లెక్క చెప్పండి: ఇక్కడ 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడోది అంటే పదిహేడు లక్షల క్యూసెక్కులు, సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు కిందికి పోతుందన్నమాట. 2022 జులైలో మూడోది దాటింది. రిటైరయ్యాక కూడా ఆ వారమంతా నాకు కంటి మీద కునుకు లేదు. లంకల్లో జనం ఇళ్ళ మీదికెక్కి కూర్చున్నారు, పశువుల్ని గట్ల మీదికి తోలారు. మీరు వచ్చే డిసెంబరులో నది అద్దంలా ఉంటుంది. ఆ రెండు రూపాలూ ఒకే నదివని పిల్లలకి తెలియాలి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా మధ్య డెల్టా కాలువ గట్టున వెళ్తే లొల్ల లాకులు వస్తాయి. దారంతా ఎడమా కుడీ అరటి, కొబ్బరి, మధ్యలో నిండు కాలువ. సినిమాల్లో చాలాసార్లు చూసి ఉంటారు ఆ లాకుల్ని. లాకు అంటే పిల్లలకి ఇలా చెప్పండి: కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట పడవ దూకలేదు కదా, అందుకని రెండు తలుపుల మధ్య ఒక గది. పడవ గదిలోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్ళు మెల్లగా కిందికి వదులుతారు, పడవ నీటితో పాటు దిగుతుంది, ముందు తలుపు తెరుస్తారు. రోడ్లు లేని రోజుల్లో ఈ కాలువల మీదే ధాన్యం, కలప, పెళ్ళివారు అందరూ వెళ్ళేవారు. గాలి లేకపోతే గట్టు మీద నుంచి తాళ్ళతో పడవను లాగేవారు. కాలువలన్నీ కలుపుకుని పడవలో మద్రాసు దాకా వెళ్ళగలిగిన కాలం అది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి మే నెలలో వచ్చినవాళ్ళకి బురదే కనిపిస్తుంది. మీరు మంచి కాలంలో వస్తున్నారు. సార్వా (వానాకాలపు పంట) కోతలయ్యి కుప్పలుంటాయి, పక్కనే దాళ్వాకి (రెండో పంటకి) నారుమళ్ళు పచ్చగా లేస్తుంటాయి.

లాకులు దాటితే ఆత్రేయపురం. పూతరేకులు కొనడం కాదు, చెయ్యడం చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే కాగితం కంటే పల్చగా రేకు వస్తుంది. ఇంటి వసారాలోనే చేస్తారు, చేసేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. రోజంతా ఆ వేడి దగ్గర కూర్చుని చేసే పని అది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూసి ఊరికే వచ్చెయ్యకండి, చేసినవాళ్ళ దగ్గరే ఒక డబ్బా కొనండి. నెయ్యి, బెల్లం వేసినవి నాకు ఇష్టం, పంచదారవి కొంచెం ఎక్కువ రోజులు నిలుస్తాయి. పక్కనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక నుంచి చూస్తే మోహిని, ఒకే రాతిలో. వెనక వైపు జడ, చీర కుచ్చిళ్ళు చెక్కిన తీరు చూసితీరాలి. పూజారి దీపం పట్టి చూపిస్తారు. మీ జాబితాలో ఉన్న వాడపల్లి వెంకన్న కూడా ఈ పక్కనే, కానీ శనివారం అయితే అటు పోకండి. ఏడు శనివారాల మొక్కు వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పెద్దవాళ్ళు వరసలో నిలబడలేరు. చీకటి పడేలోపు రాజమండ్రి చేరితే ఘాట్‌లో హారతి చూడొచ్చు.

రెండో రోజు పాపికొండలు. తప్పనిసరా అని సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. వెళ్ళండి, కానీ మూడు సంగతులు తెలుసుకుని వెళ్ళండి.

మొదటిది, పడవ ఇప్పుడు గండి పోచమ్మ గుడి దగ్గర రేవు నుంచి బయల్దేరుతుంది, రాజమండ్రి ఘాట్ నుంచి కాదు. పొద్దున్నే కారులో అక్కడికి వెళ్ళాలి, సాయంత్రం చీకటి పడ్డాక తిరిగి వస్తారు. పడవలో కూర్చునే ఉంటారు, భోజనం అక్కడే పెడతారు. పెద్దవాళ్ళకి కష్టం ఎక్కడంటే రేవులో మెట్లు, మట్టి గట్టు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి ఉందన్నారు కదా, చేతికర్ర మర్చిపోకండి. పేరంటాలపల్లిలో ఆశ్రమానికి ఎక్కలేకపోతే ఆవిడ పడవలోనే ఉండిపోవచ్చు, నది అందం పడవ నుంచే ఎక్కువ.

రెండోది, లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పడవ మునిగి, 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత తనిఖీలు, నియమాలు పెరిగాయి. డిసెంబరులో నది ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఫొటో కోసమైనా సరే జాకెట్ విప్పనివ్వకండి. పిల్లల కొలతకి సరిపోయింది ఎక్కేటప్పుడే అడిగి తీసుకోండి. వరద ఉంటే పడవలు ఆపేస్తారు. అప్పుడు ఎవరైనా చిన్న పడవలో తీసుకెళ్తానంటే ఒప్పుకోవద్దు.

మూడోది, మనసుకి సంబంధించింది. మీరు చూడబోయే నీటి కింద ఊళ్ళున్నాయి. పోలవరం కాఫర్ డ్యాం (అసలు డ్యాం కట్టడానికి ముందు నదికి అడ్డంగా వేసే కట్ట) వచ్చాక దేవీపట్నం వైపు ఊళ్ళు ముంపులోకి వెళ్ళాయి. నేను ఉద్యోగంలో ఉండగా కాఫీ తాగిన అరుగులు ఇప్పుడు లేవు. ప్రాజెక్టు కావాలన్న మనిషినే నేను, డెల్టా రైతుకి అది ఎంత అవసరమో తెలుసు. అయినా ఆ కొండరెడ్లు, కోయలు వదిలి వెళ్ళిన గట్లు చూసినప్పుడు మాట రాదు. పడవలో పాటల పెట్టె హోరెత్తిస్తుంటే కాసేపు ఆపమని అడగండి, చాలామంది ఆపుతారు. కొండలు దగ్గరికి జరిగి, తల మధ్యలో పాపిడి తీసినట్టు నది సన్నబడే చోటుకి వచ్చినప్పుడు నిశ్శబ్దంగా ఉంటే, నీటి చప్పుడూ పక్షుల అరుపూ వినిపిస్తాయి.

ఒకవేళ అమ్మగారికి ఓపిక లేదంటే ఇంట్లో ఒకరు ఆవిడతో ఉండి, మిగతావాళ్ళు వెళ్ళి రండి. రాజమండ్రిలో ఆవిడకి గోదావరి గట్టు, సాయంత్రం హారతి ఉండనే ఉన్నాయి. అందరూ అన్నిటికీ రావాలనే పట్టుదల వద్దు.

మూడో రోజు ఆరున్నరకల్లా సామానుతో బయల్దేరండి. కడియపులంక నర్సరీల మధ్య నుంచే దారి. పొద్దున్న పూల మార్కెట్ సందడిగా ఉంటుంది, ఓ అరగంట ఆగండి. మొక్కలు కొనాలనిపిస్తుంది, రైల్లో మొయ్యలేరు, విత్తనాలూ దుంపలూ కొనుక్కోండి. అక్కడి నుంచి బిక్కవోలు. గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద బిరుదాంకవోలుగా వెలిసిన ఊరు, తొమ్మిదో శతాబ్దపు తూర్పు చాళుక్యుల గుళ్ళున్నాయి. పొలాల మధ్య ఒంటరిగా నిలబడ్డవి కొన్ని, నిత్యపూజలు జరిగే గోలింగేశ్వరం ఒకటి. జనం ఉండరు, పెద్ద గణపతి ముందు మాత్రం కాస్త ఉంటారు.

పిల్లలకి రాళ్ళ గుళ్ళంటే విసుగైతే బిక్కవోలు తీసేసి, ఆ సమయం కోరంగికి ఇవ్వండి. యానాం నుంచి కాకినాడ రోడ్డులో ఉంటుంది. మడ అడవుల మధ్య చెక్క వంతెన మీద నడక, నీటి పైకి ఊపిరి కోసం లేచిన వేళ్ళు, చలికాలపు వలస పక్షులు. ఒకప్పుడు ఆ కోరంగి పెద్ద ఓడరేవు. అక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. మా తాతగారి అన్న ఒకాయన అలా రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు. రెండూ చూద్దామని మాత్రం అనుకోకండి, ద్రాక్షారామానికి సమయం మిగలదు. ఈ రోజు నాన్నగారిది.

ద్రాక్షారామంలో కనీసం రెండు గంటలుండండి. పంచారామాల్లో ఇది ఒకటి, మాణిక్యాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. గుడి చాళుక్య భీముడి కాలానిది. శివలింగం రెండంతస్తులంత ఎత్తు, కింద పాదభాగం చూసి, మెట్లెక్కి పై అంతస్తులో అర్చన జరిగే శిరోభాగం చూడాలి. మెట్లు ఇరుకు, నాన్నగారి వెనక ఒకరు నడవండి. దర్శనం అయ్యాక తొందరపడి బయటికి రాకండి. ప్రాకారం చుట్టూ స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. ఎవరో అఖండ దీపానికి గొర్రెలిచ్చారు, ఎవరో భూమి ఇచ్చారు, ఎవరో నాట్యం చేసేవాళ్ళకి వసతి ఇచ్చారు. వెయ్యేళ్ళ కిందటి తెలుగు అక్షరం ఇప్పటి అక్షరానికి ఎంత దగ్గరగా ఉందో ఒక్కో చోట పోల్చుకోవచ్చు. మా మేనల్లుడు ఒకసారి ‘శ్రీ’ని గుర్తుపట్టి కేకేశాడు, ఆ సంతోషం పిల్లలకి దక్కనివ్వండి.

పంచారామాలు అయిదూ ఒక్క రోజులో చుట్టేసే యాత్రలున్నాయని మీ జాబితాలో రాసి ఉంది. పదేళ్ళ కిందట మా బావగారి కుటుంబాన్ని నేనే అలా తిప్పాను. సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం అయ్యి అమరావతి చేరేసరికి రాత్రయింది, మా అక్క కళ్ళు తిరిగి కారులోనే పడుకుండిపోయింది, గుడి చూడలేదు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

ద్రాక్షారామం నుంచి యానాం. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగం. గోదావరి తూర్పు పాయ గౌతమి గట్టున సాయంత్రం నడక బాగుంటుంది, అంతకు మించి ఆగనక్కర్లేదు. అక్కడే బాలయోగి గారి పేరున్న వంతెన దాటితే ఎదుర్లంక, అంటే కోనసీమలో అడుగుపెట్టినట్టే. ఆ వంతెన రాకముందు పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) కోసం గంటలు గంటలు రేవులో కూర్చునేవాళ్ళం, రాత్రి పూట పురిటి నొప్పులొస్తే దేవుడే దిక్కు. మురమళ్ళలో వీరేశ్వరస్వామికి నిత్య కల్యాణం జరుగుతుంది, వేళ కలిస్తే చూసి అమలాపురం చేరండి. హౌస్‌బోటు మీద మోజుంటే దిండిలో పర్యాటక శాఖ వాళ్ళవి ఉన్నాయి, డిసెంబరులో ముందుగా బుక్ చెయ్యకపోతే దొరకవు.

తిండి గురించి పిల్లల తండ్రి అడిగారట, పులస ఎక్కడ బాగుంటుందని. డిసెంబరులో పులస ఉండదు. సముద్రంలో ఉండే ఇలస చేప వరద నీటికి ఎదురీది, ఎర్ర గోదారిలోకి వచ్చాకే పులస అవుతుంది, జులై నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. చలికాలంలో ఆ పేరు చెప్పి అమ్మేది పులస కాదు, డబ్బు పారేసుకోకండి. బదులుగా కొర్రమీను, రొయ్యలు, పీతలు తినండి, బొమ్మిడాయిలు దొరికితే పులుసు పెట్టించుకోండి. శాకాహారులైతే పనసపొట్టు కూర ఎక్కడ కనిపించినా వదలకండి, ఆవపెట్టి చేస్తారు.

నాలుగో రోజు పొద్దున్నే పి.గన్నవరం. మీ జాబితాలో లేదు, ఎవరి జాబితాలోనూ ఉండదు, నన్నడిగితే ఈ నాలుగు రోజుల్లో మరిచిపోలేనిది అదే. కింద గోదావరి పాయ వైనతేయ నది, దాని పైన వంతెన మీద ఇంకో నీరు, కాలువ, నదిని దాటి అవతల నగరం లంకకి వెళ్తుంది. 1851-52లో హేగ్ అనే ఇంజనీరు కట్టిన పాత అక్విడక్టు 49 కమానులతో పక్కనే నిలబడి ఉంది. దాని స్థానంలో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సీతమ్మ గారిది ఇక్కడి లంకల గన్నవరమే. 1841లో పుట్టి 1909లో పోయారు. రేవులో పడవ తప్పిపోయి, వరదకి చిక్కుకుని ఏ వేళలో ఎవరు వచ్చి తలుపు తట్టినా, ఏ కులమని అడగకుండా పొయ్యి వెలిగించి అన్నం పెట్టారు. జీవితమంతా అదే పని. అంతర్వేది వెళ్దామని బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న బాటసారులు తన ఇంటికి వెళ్తున్నారని విని వెనక్కి తిరిగారని చెప్పుకుంటారు. నీళ్ళు నది దాటి అవతలి చేలకి అన్నం పెట్టే కట్టడానికి ఆ తల్లి పేరు పెట్టినవాళ్ళకి నేను ఎప్పుడూ దండం పెడతాను. పొద్దున్న వేళ వెళ్ళి అక్విడక్టు మీద నడవండి, కింద నది, పక్కన కాలువ, రెండు చప్పుళ్ళూ ఒకేసారి వినిపిస్తాయి.

అక్కడి నుంచి నది దాటితే ఆదుర్రు. వైనతేయ గట్టున ఇటుకల బౌద్ధ స్తూపం మిగులు. పెద్దగా కనిపించదు, చక్రం ఆకారంలో పునాది మాత్రం ఉంది. ఇరవై నిమిషాలు. దారిలో కొబ్బరి దింపు జరుగుతుంటే ఆగి చూడండి, అడిగితే బొండాం కొట్టి ఇస్తారు, డబ్బులివ్వబోతే కొందరు తీసుకోరు. బండారులంక చేనేత చీరలు కావాలంటే అమలాపురంలో బయల్దేరే ముందే చూసుకోండి. అయినవిల్లి, అప్పనపల్లి రెండూ మంచి గుళ్ళే, ఈసారికి వదిలెయ్యండి.

మధ్యాహ్నానికి అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్తే గోదావరి పడమటి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. నది నీరు ఒక రంగు, కడలి నీరు ఇంకో రంగు, మధ్యలో గీత. దూరం నుంచే చూడండి. పిల్లల్ని ఆ సంగమంలో దిగనివ్వకండి, పైకి ప్రశాంతంగా ఉన్నా లోపలి లాగుడు పెద్ద ఈతగాళ్ళనే తీసుకుపోతుంది.

ఇంకో మాట. ఎప్పుడైనా సంక్రాంతికి రాగలిగితే కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల) మీద వస్తారు. చేలల్లోంచి, కౌశిక కాలువలో నడుము లోతు నీళ్ళలోంచి, నిలువెత్తు ప్రభల్ని భుజాల మీద మోసుకుని ‘అశ్శరభ శరభ’ అని కేకలు వేస్తూ వస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు పెద్దవాళ్ళని ఎవరింటి అరుగు మీదైనా కూర్చోబెట్టాలి, ఆ గుంపులో నిలబడలేరు. కోనసీమలో ఆ రోజు ముక్కూమొహం తెలియకపోయినా అరుగు ఇస్తారు, భోజనమూ పెడతారు.

అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవుకి రండి. పంటు మీద కారుతో సహా వశిష్ఠ దాటితే అవతల నరసాపురం. పంటు నడుస్తోందో లేదో ఆ రోజు పొద్దున్నే డ్రైవరుని కనుక్కోమనండి, లేకపోతే దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా వెళ్ళాలి, దానికి గంట ఎక్కువ పెట్టుకోండి. పంటు ఉంటే నాలుగింటి లోపు ఎక్కండి. ఎండ వాలే వేళకి పెద్దవాళ్ళని కారులోంచి దింపి కమ్మీ దగ్గర కుర్చీ వెయ్యమనండి, పంటు కుర్రాళ్ళు తెచ్చి వేస్తారు. నరసాపురంలో లేసు అల్లికల దుకాణాలు స్టేషనుకి దగ్గరలోనే ఉన్నాయి, రైలుకి సమయముంటే అమ్మగారిని అటు తీసుకెళ్ళండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం నది ఎలా ఉందో, పడవలు నడుస్తున్నాయో లేదో కనుక్కుని చెప్తాను.